తగ్గింపూ, అణకువా: ఫ్రాన్సిస్కన్ల దారిద్ర్య వివాదం

వినయమనేది బానిసలకు నేర్పిన నీతి అనీ, త్యాగం ఎవరు చేసినా లాభం యజమానిదేననీ మనలో చాలామంది అంటూంటాం. క్రైస్తవం ప్రసక్తి వచ్చినప్పుడు ఈ మాట మరింత ధీమాగా అంటాం. రోమన్ చక్రవర్తులకూ, ఐరోపా భూస్వాములకూ, ఆపైన వలసదొరలకూ ఆ మతం ఎందుకు పనికివచ్చిందో వివరించడానికి ఇంతకంటె సులభమైన సూత్రం దొరకదు. ఐతే ఈ సూత్రం ఎవరిదో ఒకసారి గుర్తుచేసుకోవడం మంచిది. ‘బానిస నీతి’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు మార్క్సు కాదు, ఎంగెల్సు కాదు. 1880ల చివర రాసిన నీషే. క్రైస్తవం దరిద్రులనూ బలహీనులనూ నెత్తికెక్కించుకుని ప్రభువర్గపు నీతిని చెడగొట్టిందన్నది ఆయన ఫిర్యాదు. సోషలిజాన్ని కూడా ఆయన అదే కారణంతో ద్వేషించాడు. ఎంగెల్స్ 1894లో తొలి క్రైస్తవ చరిత్రను గురించి రాసినప్పుడు, దాన్ని అణగారిన జనం ఉద్యమంగానే గుర్తించి ఆధునిక కార్మికోద్యమంతో పోల్చాడు. అభ్యుదయవాదులమైన మనం ఎంగెల్సును వదిలి నీషే కర్ర అందుకుని క్రైస్తవాన్ని కొట్టడం విచిత్రమే.

ఐతే క్రైస్తవ వినయం విప్లవకరమైనదని ఇప్పుడు నేను వాదించబోతున్నానా? కాదు. వినయం అనే ఒక్క పేరుకింద రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయనీ, వాటిమధ్య ఘర్షణ చరిత్రలో నిజంగా జరిగిందనీ, ఆ ఘర్షణలో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారనీ మాత్రమే చెప్పదలిచాను.

ఆ రెండింటికీ మన భాషలో రెండు మాటలున్నాయి. అణకువ ఒకటి. అది ‘అణగు’ ధాతువునుంచి వచ్చింది. పైనుంచి ఏదో నొక్కితేగాని అణగడం ఉండదు. రెండవది, తెలుగు క్రైస్తవులు ప్రార్థనల్లోనూ ప్రసంగాల్లోనూ నిత్యం వాడే మాట, ‘తగ్గింపు’. ఎవరినైనా మెచ్చుకోవాలంటే ‘తగ్గింపు గల మనిషి’ అంటారు. తనను తాను తగ్గించుకోవాలంటే ముందు కొంత ఎత్తులో ఉండాలి గదా! నేలమీద ఉన్నవాణ్ణి తగ్గించుకోమనడానికి అర్థంలేదు. అతన్ని అణిగి ఉండమని మాత్రమే అనగలం. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం.

క్రీస్తు కథలో మొదట ఉన్నది తగ్గింపే. పౌలు ఫిలిప్పీయులకు రాసిన లేఖలో, దేవుని రూపం కలిగినవాడు తన్ను రిక్తుణ్ణి చేసుకుని బానిస రూపం ధరించి సిలువ మరణందాకా వెళ్లాడన్న భావం ఉంది. ఆనాటి వినేవాళ్లకు ఇది అలంకారం కాదు. సిలువ రోమన్ సామ్రాజ్యంలో ప్రధానంగా బానిసలకూ తిరుగుబాటుదార్లకూ వేసే శిక్ష. క్రీస్తుకు పూర్వం 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణచినతర్వాత, కాపువానుంచి రోముదాకా దారి పొడుగునా ఆరువేలమందిని సిలువ వేశారు. గ్రీకు పెద్దమనుషుల వాడుకలో దీనుడు అనే అర్థమిచ్చే మాట తిట్టుతో సమానం. అటువంటి మాటను దేవుడికి అంటగట్టారంటే ఎంత తలకిందుల పని చేశారో ఊహించండి.

కాని కొత్త నిబంధనలోనే రెండవ స్వరం కూడా వినిపిస్తుంది. పేతురు పేరున ఉన్న మొదటి లేఖ బానిసలను ఉద్దేశించి, మంచి యజమానులకే కాదు, ముష్కరులకు కూడా లోబడి ఉండమంటుంది. అందుకు క్రీస్తు పడిన బాధనే ఆదర్శంగా చూపుతుంది. ఇక్కడ జరిగిన మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. బానిస రూపానికి దిగివచ్చిన దేవుడి కథను, బానిసగానే పుట్టినవాడికి బానిసగానే ఉండమని చెప్పడానికి వాడారు. తగ్గింపు అణకువ అయింది. నాలుగో శతాబ్దంలో క్రైస్తవం రాజమతమైనతర్వాత ఈ రెండవ స్వరమే అధికారస్వరం కావడంలో ఆశ్చర్యంలేదు. మొదటిది కర్మకాండలో మిగిలింది. ఈస్టరు ముందు గురువారంనాడు రాజులూ పోపులూ పన్నెండుమంది బీదల పాదాలు కడిగేవారు. మిగతా రోజుల్లో ఆ బీదలు ఎవరి పాదాలు పట్టుకున్నారో వేరే చెప్పనక్కరలేదు.

ఈ రెండు వినయాలు బాహాటంగా తలపడిన కాలం పన్నెండు, పదమూడు శతాబ్దాలు. అప్పటికి ఇటలీలోనూ దక్షిణ ఫ్రాన్సులోనూ పట్టణాలు పెరిగాయి, వర్తకం పెరిగింది, ముఖ్యంగా నాణెం చెలామణీ పెరిగింది. కలిమిలేములు ఒకే వీథిలో ఎదురెదురుగా నిలబడ్డాయి. చర్చి ఐరోపాలోకల్లా పెద్ద భూస్వాముల్లో ఒకటి. అటువంటి సమయంలో సుమారు 1173లో లియోన్ పట్టణపు వర్తకుడు వాల్డో ఆస్తి పంచిపెట్టి, సువార్తను జనం భాషలోకి అనువదింపజేసి, వీథుల్లో బోధించసాగాడు. 1179 లాటరన్ మహాసభ సమయంలో పోపు అతని దారిద్ర్య వ్రతాన్ని మెచ్చుకున్నాడు. స్థానిక మతాధికారుల అనుమతి లేకుండా బోధించరాదన్నాడు. వాల్డో అనుచరులు ఆగలేదు. 1184లో వెరోనాలో వారిని వెలివేశారు. దరిద్రంగా బతకడం నేరం కాదు. అనుమతి లేకుండా మాట్లాడడమే నేరమైంది.

పాతికేళ్ల తర్వాత మరొక వర్తక కుటుంబంనుంచి, దాదాపు అదే ఆశయంతో మరొకడు వచ్చాడు. అతన్ని వెలివేయలేదు. చనిపోయిన రెండేళ్లలోపే పునీతుణ్ణి చేశారు. అతడే అసిసీ ఫ్రాన్సిస్.

ఫ్రాన్సిస్ అనగానే పిట్టలకు ఉపదేశం చేసిన సాధువు బొమ్మ మన కళ్లకు కడుతుంది. ఈ బొమ్మ అతనికి చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. అతడు 1181లోనో 1182లోనో పుట్టిన బట్టల వర్తకుడి కొడుకు. 1198లో అసిసీ పౌరులు కొండమీది కోటను పడగొట్టారు; ప్రభువంశాలవారు పక్కనున్న పెరూజాకు పారిపోయారు. ఆ రెండు పట్టణాలమధ్య 1202లో జరిగిన యుద్ధంలో ఫ్రాన్సిస్ పట్టుబడి సుమారు ఏడాది ఖైదులో ఉన్నాడు. 1210లో అసిసీలో కుదిరిన ఒడంబడికలో రెండు పక్షాల పేర్లు ‘మయోరెస్’, ‘మినోరెస్’. అంటే పెద్దలు, చిన్నలు. ఫ్రాన్సిస్ తన సోదరబృందానికి పెట్టిన పేరు ‘చిన్న సోదరులు’. ఈ పేరులో పట్టణ రాజకీయం ఎంత ఉందో, సువార్త ఎంత ఉందో తూచి చెప్పలేం గాని, అసిసీలో ఆ పేరు విన్నవాళ్లెవరికీ దాని అర్థం అడగవలసిన అవసరం కలిగివుండదు.

1206లో బిషప్ ఎదుట తండ్రి అతన్ని నిలదీసినప్పుడు ఒంటిమీది బట్టలుకూడా విప్పి తండ్రికిచ్చి వెళ్లిపోయాడు. అది నాటకీయమైన ఘట్టం, చిత్రకారులకు ఇష్టమైనది. కాని తన మార్పు ఎక్కడ మొదలైందో ఫ్రాన్సిస్ స్వయంగా వీలునామాలో చెప్పాడు: కుష్ఠురోగుల మధ్య. వాళ్లను చూడడమే చేదుగా ఉండేదనీ, వారి మధ్యకు వెళ్లినతర్వాత ఆ చేదే తీపైందనీ అతని మాటల సారాంశం. ఊరిబయట ఉంచిన మనుషుల దగ్గరికి వెళ్లడం! మన ఊళ్లు ఎరిగిన పాఠకుడికి ఇంతకంటె వ్యాఖ్యానం అవసరంలేదు.

1221 నాటి నియమావళి చదివితే మరికొన్ని సంగతులు తెలుస్తాయి. సోదరులు చేతులతో పనిచేయాలి. కూలిగా తిండి తీసుకోవచ్చు, డబ్బు ముట్టరాదు; నాణేన్ని రాతికంటె ఎక్కువగా ఎంచరాదు. కూలి దొరకనప్పుడు మాత్రమే బిచ్చమెత్తాలి. ఎవరి ఇంట్లోనైనా పనికి కుదిరితే అక్కడ గుమాస్తాగానో, కోశాధికారిగానో, నౌకర్లపైన పెత్తందారుగానో ఉండకూడదు. అందరికంటె చిన్నగానే ఉండాలి. ఈ చివరి నియమం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ఆస్తిని వదలడం కష్టమే, కాని చరిత్రలో చాలామంది వదిలారు. పెత్తనాన్ని వదలాలని, అదికూడా కంగాణీ స్థాయి చిన్న పెత్తనాన్ని సైతం వదలాలని, నియమం రాసుకున్నవాళ్లు అరుదు. ఇక్కడ వినయం మనసులోని మెత్తదనం కాదు. పనిలో, ఇంట్లో, కూలిలో ఒక స్థానం. తగ్గింపు అంటే దిగి నిలబడవలసిన మెట్టు ఏదో చూపించడం.

మరి వాల్డోను వెలివేసిన చర్చి ఇతన్ని ఎందుకు దగ్గరికి తీసుకుంది? 1209లో (1210 అనేవారూ ఉన్నారు) పోపు మూడవ ఇన్నొసెంట్ ఈ చినిగిన బట్టలవాళ్ల జీవనవిధానానికి నోటిమాటగా అనుమతి ఇచ్చాడు. ఆ 1209లోనే ఆ పోపు పిలుపుతోనే సాగిన సైన్యం దక్షిణ ఫ్రాన్సులో బెజియే పట్టణాన్ని ఊచకోత కోసింది. కారణం తెలివితక్కువది కాదు. పేదరికాన్ని ఆరాధించే జనోద్యమాన్ని కత్తితో నరకడం ఒక మార్గం. దాన్ని చర్చి లోపలికి తెచ్చుకోవడం మరొకటి. గ్రాంషీ జైలు నోటుపుస్తకాల్లో ఈ సంగతిని పట్టుకున్నాడు: మధ్యయుగాల్లో జనానికీ చర్చి మేధావులకూ మధ్య ఏర్పడిన చీలికను భిక్షుక సన్యాసి సంఘాలద్వారా కుట్టివేశారంటాడు.

గ్రాంషీ మాట నిజమే. కాని ఆ కుట్టుకు సూది ఎవరిచ్చారన్న ప్రశ్న మిగిలివుంది. ఇచ్చినవాడు ఫ్రాన్సిసే. కుష్ఠురోగి ముందు తగ్గించుకున్న మనిషే కార్డినల్ ముందు అణిగాడు; ఈ రెండూ ఒకే గుణమని అతడు మనసారా నమ్మాడు. 1226లో చనిపోయేముందు రాయించిన వీలునామాలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకవైపు చేతిపని మానవద్దంటాడు, రోమునుంచి ఎటువంటి రక్షణపత్రాలూ సంపాదించవద్దంటాడు, తన మాటలకు వ్యాఖ్యానాలు రాయవద్దంటాడు. మరొకవైపు, విధించిన ప్రార్థనలు మార్చేవాళ్లనూ, కేథలిక్ విశ్వాసం తప్పినవాళ్లనూ రాత్రింబగళ్లు ఖైదీల్లా కాపలాపెట్టి, సంఘానికి సంరక్షకుడైన ఓస్తియా కార్డినల్‌కు అప్పగించమంటాడు.

విద్యార్థుల అధ్యయన గోష్ఠిలో ఒకసారి ఈ సంగతి చెప్పినప్పుడు ఒక కుర్రవాడు లేచి, “అంత వినయం గల మనిషి మరొకణ్ణి ఖైదు చెయ్యమని ఎలా అన్నాడు సార్?” అని అడిగాడు. ఆనాడు కాలప్రభావమనేదో చెప్పి తప్పించుకున్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. లోబడడాన్ని పుణ్యంగా ఎంచినవాడు లోబడనివాణ్ణి పాపిగా ఎంచక తప్పదన్నది అసలు జవాబు.

తరువాతి కథ ఆ వీలునామాకు చరిత్ర రాసిన వ్యాఖ్యానంలా ఉంటుంది. ఆ ఓస్తియా కార్డినల్ పేరు ఉగొలీనో. 1227లో అతడే తొమ్మిదవ గ్రెగొరీ పేరుతో పోపు అయ్యాడు. 1228లో ఫ్రాన్సిస్‌ను పునీతుడిగా ప్రకటించి, అసిసీలో మహాదేవాలయానికి శంకుస్థాపన చేశాడు. 1230లో, ఫ్రాన్సిస్ వీలునామా సోదరులను బంధించదని ఆజ్ఞాపత్రం విడుదల చేశాడు. అతని వాదం చూడండి: ఫ్రాన్సిస్ తోటి సోదరుల సమ్మతి లేకుండా ఆ వీలునామా రాశాడు, సమానుడికి సమానుడిపై అధికారం ఉండదు. అందరికంటె చిన్నవాణ్ణని చెప్పుకున్నవాడి వినయాన్నే అతని మాట చెల్లదనడానికి సాక్ష్యంగా తెచ్చారన్నమాట.

అప్పటినుంచి న్యాయవాదుల పని మొదలైంది. డబ్బు ముట్టకూడదా? సోదరుల తరఫున మరొకరు పుచ్చుకుని ఖర్చుపెడతారు. ఆస్తి ఉండకూడదా? 1245లో నాలుగవ ఇన్నొసెంట్, సోదరులు వాడుకునే ఇళ్లూ పుస్తకాలూ సామానూ పోపు పీఠానివేనన్నాడు. సోదరులకు వాడకం మాత్రమే. 1279లో మూడవ నికొలాస్ ఈ ఏర్పాటును స్థిరపరిచి, క్రీస్తు చూపిన దారి ఇదేనన్నాడు. చేతిపని చేసుకునే మొరటు సోదరుల స్థానంలో ఈలోగా పారిస్, ఆక్స్‌ఫర్డు పండితులు వచ్చారు. 1266లో పారిస్‌లో జరిగిన సంఘసభ, బొనవెంతూరా రాసిన జీవితచరిత్ర తప్ప ఫ్రాన్సిస్ గురించిన పాత జీవితకథలన్నీ నాశనం చేయమని తీర్మానించింది. ఫ్రాన్సిస్‌ను తమ కళ్లతో చూసినవాళ్ల జ్ఞాపకాలు కొన్ని ఆ మంటలు తప్పించుకుని మనదాకా రావడం చరిత్రకారుల అదృష్టం.

అందరూ దీనికి ఒప్పుకోలేదు. వీలునామాను అక్షరాలా పాటిస్తామన్నవాళ్లను ‘స్పిరిచువల్స్’ అన్నారు. దక్షిణ ఫ్రాన్సులో వారికి ప్రజాదరణ ఉండేది. 1316లో పోపైన ఇరవైరెండవ జాన్ న్యాయశాస్త్రజ్ఞుడు, అవిన్యోన్‌లో కూర్చుని చర్చి ఖజానాను నింపినవాడు. 1317లో అతడు నార్బొన్, బెజియే మఠాలనుంచి అరవైమందికి పైగా సోదరులను పిలిపించాడు. తగాదా ఏమిటంటే, వాళ్ల అంగీలు మరీ పొట్టిగా, చాలీచాలకుండా ఉన్నాయి. మఠాల్లో ధాన్యపు గాదెలూ సారాయి కొట్లూ ఉండరాదంటున్నారు. ఈ సంగతులు పైఅధికారులు నిర్ణయిస్తారనీ, దారిద్ర్యం గొప్పదే గాని విధేయత అంతకంటె గొప్పదనీ పోపు తీర్పుచెప్పాడు. చాలామంది లొంగారు. 1318 మే 7న మార్సేల్ పట్టణంలో నలుగురిని సజీవంగా దహనం చేశారు. విచారించి శిక్షవేసిన అధికారి కూడా ఫ్రాన్సిస్కన్ సన్యాసే. సంఘాధిపతి, చెసేనాకు చెందిన మైకేల్, ఆ అణచివేతలో పోపుకు సాయపడ్డాడు.

మనిషిని గాదెకోసం కాలుస్తారా అనిపిస్తుంది. గాదె పేరుకు మాత్రమే. అధికారం తప్పుచేస్తున్నదని అంతరాత్మ చెప్పినప్పుడు వినయం ఎవరి పక్షాన నిలబడాలన్నది ఆ నలుగురి ముందున్న ప్రశ్న. తగ్గింపుకు కట్టుబడి అణకువను నిరాకరించారు గనుక వాళ్లు చచ్చిపోయారు. ‘బానిస నీతి’ అన్న ముద్ర వీళ్లకు ఎలా వేస్తాం?

నాలుగేళ్లకు వంతు మైకేల్‌కు వచ్చింది. క్రీస్తుకూ శిష్యులకూ సొంతంగాగాని ఉమ్మడిగాగాని ఏ ఆస్తీ లేదని 1322లో పెరూజా సభలో ఫ్రాన్సిస్కన్లు ప్రకటించారు. పోపు డిసెంబరులో ఎదురుదెబ్బ కొట్టాడు: ఇకపై సోదరుల సామాను పోపుది కాదు, మీదే. తిని ఖర్చుచేసే వస్తువులో వాడకాన్ని యాజమాన్యంనుంచి విడదీయలేమన్నది అతని తర్కం. సన్యాసి తినే గుడ్డుకో, జున్నుముక్కకో రోమన్ చర్చి యజమాని అంటే మతి ఉన్నవాడెవడు నమ్ముతాడని ఎగతాళి చేశాడు. ఒప్పుకోవాలి, ఎగతాళిలో పస ఉంది. ఎనభై ఏళ్ల బూటకాన్ని ఒక్క గుడ్డుతో పగలగొట్టాడు. కాకపోతే ఇరుపక్షాల గ్రంథాల్లోనూ ఆ కోడిని పెంచి, గుడ్డు తెచ్చి పెట్టిన రైతు ఎక్కడా వాదిగా నిలబడడు. కోరి తెచ్చుకున్న దారిద్ర్యం గురించి పండితులు వందలకొద్దీ పుటలు రాశారు. కోరకుండా వచ్చిన దారిద్ర్యం ఆ వివాదంలో విషయమే కాలేదు. ఫ్రాన్సిస్కన్ల ఓటమికి ఇదీ ఒక కారణమని నా ఉద్దేశం. కుష్ఠురోగుల మధ్యనుంచీ, కూలిపనినుంచీ దూరమైనాక దారిద్ర్యం వారికి బతుకు కాకుండా సిద్ధాంతమైంది. సిద్ధాంతాన్ని ఆజ్ఞాపత్రంతో రద్దుచేయవచ్చు.

1323 నవంబరు 12న ఆ పనికూడా జరిగింది. క్రీస్తుకూ శిష్యులకూ ఏమీ లేదని పట్టుబట్టి వాదించడం మతధిక్కారమని పోపు ప్రకటించాడు. 1328 మే నెలలో మైకేల్, ఇంగ్లీషు తత్వవేత్త ఒకామ్ విలియం మరికొందరు రాత్రివేళ అవిన్యోన్‌నుంచి పారిపోయి బవేరియా లుడ్విగ్ ఆశ్రయం చేరారు. (ఉంబెర్తో ఏకో 1980లో ప్రచురించిన ‘గులాబీ పేరు’ నవల చదివినవాళ్లకు ఈ వాతావరణం పరిచితమే, ఆ కథ 1327లో జరుగుతుంది.) 1329లో పోపు ఇంకొక అడుగు వేశాడు. ఆస్తిహక్కు రాజుల చట్టాలతో వచ్చింది కాదు, ఈవ పుట్టకముందే ఆదాముకు భూమిపై సొంత యాజమాన్యం ఉండేదన్నాడు. మొదట ఆస్తి లేదనీ, పతనం తర్వాత మనుషులు చేసుకున్న ఏర్పాటే ఆస్తి అనీ ఫ్రాన్సిస్కన్ల వాదం. సొంత ఆస్తి ప్రకృతిసిద్ధమా, మనుషులు కల్పించిందా అనే ప్రశ్నను మనం పద్దెనిమిదో శతాబ్దపు రూసోతో మొదలుపెట్టడం అలవాటు. అంతకు నాలుగు వందల ఏళ్లముందే, ఒక బిచ్చగాడి అంగీ పొడవు గురించి మొదలైన తగాదా అక్కడికి చేరింది.

ఫ్రాన్సిస్‌ను మనవాణ్ణి చేసుకోవాలని నా ఉద్దేశం కాదు. అతడు భూస్వామ్యాన్ని కూలదోయమనలేదు. యజమానిని వదలి రమ్మన్నాడు గాని, యాజమాన్యాన్ని రద్దుచేయమనలేదు. ఐనా చర్చి అతని విధేయతను ఆచరించదగిన ఆదర్శంగానూ, అతని దారిద్ర్యాన్ని పూజించదగిన అద్భుతంగానూ విడదీసుకున్న తీరు గమనించదగింది. 1228 నుంచి పీఠమెక్కిన పోపుల్లో ఫ్రాన్సిస్ అనే పేరు పెట్టుకున్నవాడు 2013 దాకా ఒక్కడూ లేడు. ఇన్నొసెంట్లూ, జాన్లూ, గ్రెగొరీలూ ఎందరో వచ్చారు.

ఆ ఖాళీ నిండకముందే బ్రెజిల్‌లో పాత తగాదా మరొకసారి తలెత్తింది. లియొనార్డో బోఫ్ ఫ్రాన్సిస్కన్ సన్యాసి, విమోచన మతతత్వాన్ని బోధించినవారిలో ముఖ్యుడు. చర్చిలో అధికారం పోగుపడడాన్ని విమర్శిస్తూ 1981లో ఒక గ్రంథం ప్రచురించాడు. 1985లో వాటికన్ అతనికి మౌనశిక్ష విధించింది. రాయరాదు, బహిరంగంగా మాట్లాడరాదు. బోఫ్ లోబడ్డాడు. ఏడేళ్లకు మళ్లీ ఆంక్షలు వచ్చాయి. 1992లో అతడు ఫ్రాన్సిస్కన్ సంఘాన్నీ, గురుత్వాన్నీ వదిలి బయటికి వచ్చాడు. పేదల పక్షాన రాయడం మాత్రం మానలేదు.